విస్తరాకు పక్షాన నాలుగు మాటలు

గత కార్తీకంలో మా సంఘం వనభోజనాలకు వెళ్ళినప్పుడు, పంక్తిలో కూర్చున్న ఒక పెద్దావిడ తన ముందున్న విస్తరిని గోటితో గీకి చూశారు. ఆకుపచ్చ రంగు వేసి, ఆకు ఈనెలు సైతం అచ్చొత్తిన కాగితం విస్తరి అది. వేడి పులుసు పడిన చోట సన్నని పొర ఒకటి ఉల్లిపొరలాగా లేచి వచ్చింది. "ఇది ఆకూ కాదు, కాగితమూ కాదు. మరి దేనిలో పెడుతున్నారు నాయనా మాకు అన్నం?" అని ఆమె అడిగారు. వడ్డిస్తున్న కుర్రవాడు మా ముఖం చూశాడు. ఆ విస్తళ్ళు కొని తెచ్చినది మేమే గనుక మేము నేల చూశాము. కొట్టతను "ప్లాస్టిక్ కాదండీ, మంచి సరుకు" అన్నాడు. మేమూ చేతితో తడిమి చూడకుండానే డబ్బు చెల్లించి వచ్చాము.

బరంపురంలో కాపురముంటూ అడ్డాకు విస్తరి దొరకలేదని చెప్పుకోవడం, గోదావరి ఒడ్డున నిలుచుని నీళ్ళు దొరకలేదనడం వంటిది. ఇటు పర్లాకిమిడి, అటు రాయగడ కొండలనిండా ఆ తీగె అల్లుకొని ఉన్నది. సవర, కోదు స్త్రీలు ఆ ఆకు కోసి, ఎండబెట్టి, కుట్టి సంతకు తెస్తారు. ఆ సంతకూ మన పంక్తికీ మధ్య దారి ఎక్కడ తెగిపోయినదో తెలుసుకొందామని మేము కొంత తిరిగాము, కొంత చదివాము. ఈ వ్యాసం ఆ పని ఫలమే.

తెలుగువారు ఎక్కడ స్థిరపడితే అక్కడి ఆకులో తిన్నారు. మేము అడ్డాకు అనేదానిని ఒడియా ఇరుగుపొరుగు సియాలి అంటారు. షోలాపురంలోని మనవారికి మోదుగాకు పరిచయం; మరాఠీలో అది పళస్, దానితో కుట్టిన విస్తరి పత్రావళి. కన్నడ దేశంలో అదే మోదుగాకు ముత్తుగద ఎలె. తమిళనాట మందారై ఆకు ఉన్నది, అది మన అడ్డాకుకు దగ్గర చుట్టం. కుట్టిన విస్తరికి వారు తైయల్ ఇలై అని పేరు పెట్టుకొన్నారు. యానాం వారికి అరటాకు పెరటిలోనే ఉన్నది. పనసాకు బుట్టలలో పొట్టిక్కలు వండుకోవడం ఆ ప్రాంతం వారికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. ఇక దొప్ప సంగతి మరీ చిత్రం. తెలుగులో దొన్నె, కన్నడంలో దొన్నె, తమిళంలో తొన్నై, ఒడియాలో దొనా, మరాఠీలో ద్రోణ్. ఇన్ని భాషలవారు ఒకే మాటను చేతులు మార్చుకొంటూ వాడుకొన్నారంటే, ఆ వస్తువు ఎంత పాతదో ఊహించవచ్చు. బెంగుళూరులో దొన్నె బిర్యానీ అనే పేరు నేటికీ నడుస్తున్నది.

అడ్డతీగె సామాన్యమైన తీగె కాదు. మన దేశపు అడవులలో పెరిగే మహా తీగెలలో అది ఒకటి. చెట్టు కొసదాకా ఎగబాకి, పక్క చెట్టు మీదికి దాటుతుంది. ఆకు రెండు రేకలుగా చీలి, అరచేతికన్న పెద్దదై ఉంటుంది. నారతో తాళ్ళు పేనుతారు, గింజలు వేయించుకొని తింటారు. తూర్పు కొండలలో అడ్డతీగల అనే ఊరు దాని పేరునే పెట్టుకొన్నది. ఐతే అడవిశాఖ లెక్కలో అడ్డతీగె దోషి. విలువైన సాల వృక్షాలను చుట్టి వంచుతుందని, ఊపిరాడనివ్వదని, తీగెలు నరకవలెనని వారి పని ప్రణాళికలలో తరతరాలుగా వ్రాసుకొంటూ వచ్చారు. కలప దృష్టితో చూస్తే అది న్యాయమే కావచ్చు. ఆకు దృష్టితో చూసేవారు మాత్రం ఆ ప్రణాళికలు వ్రాసే బల్ల దగ్గర లేరు. మొక్కలనుండి పుట్టే వస్తువులకు ప్రభుత్వపు అండ కావాలని మనం అడుగుతున్నాము గనుక, ముందు ఈ సంగతి గుర్తుంచుకోవలె. ఒక శాఖ పెంచమన్నదానిని మరొక శాఖ నరకమంటుంటే పరిశ్రమ ఎక్కడిది?

ఆకు పని ఎలా సాగుతుందో చూడనివారికి కొంచెం చెబుతాము. తీగెను కొట్టకుండా, ముదిరిన ఆకును కాడతో గిల్లాలి. లేత ఆకు ఎండితే ముడుచుకొంటుంది, పనికిరాదు. తెచ్చిన ఆకును ఒకదానిమీద ఒకటి పేర్చి, బరువు పెట్టి, నీడ తగిలే ఎండలో ఆరబెడతారు. తరువాత సన్నగా చీల్చిన వెదురు పుల్లలతో కుడతారు. ఒక్క విస్తరికి ఎన్ని కుట్లు పడతాయో ఎవరూ లెక్కపెట్టరు. చేతులు మాత్రం ఆగవు. వాన పడితే బూజు పట్టి కట్టకు కట్ట పోతుంది. ఆ నష్టమంతా కుట్టిన మనిషిదే. సంతలో ధర చెప్పేది కొనేవాడు. సాయంత్రమయ్యేసరికి మోసుకొని వెనక్కు పోలేక ఆమె ఇచ్చి పోతుంది. ఇది మేము కళ్ళారా చూసిన బేరం.

మరి ఆకు విస్తరి ఎందుకు వెనుకబడ్డది? ప్లాస్టిక్ చౌక అనేది సగం జవాబే. మిగతా సగం మనమే. నేలమీద చాప పరచి పంక్తి వేసినంత కాలం మెత్తని విస్తరి చాలింది. బల్లలు వచ్చినా చాలింది. ఎప్పుడైతే పెళ్ళిళ్ళలో పళ్ళెం చేత పట్టుకొని, నిలువుకాళ్ళమీద తిరుగుతూ తినే బఫే అలవాటైనదో, అప్పుడు కుట్టిన విస్తరి ఓడిపోయింది. ఒక చేత పట్టుకొంటే అది వంగుతుంది. పప్పు ఒక పక్కకు, పాయసం ఒక పక్కకు ప్రయాణం కడతాయి. (నిలబడి తినే భోజనం భోజనమేనా అని మా ఇంట్లో ఒక తగవు ఉన్నది, దానిని ఇక్కడికి తీసికొని రాము.) దీనికి విరుగుడుగా ఆకులను వేడి అచ్చుల మధ్య పెట్టి నొక్కే యంత్రం వచ్చింది. అందులో నొక్కిన విస్తరి గట్టిగా, అంచు లేచి, పళ్ళెంలాగే ఉంటుంది. యంత్రం అంత పెద్దదేమీ కాదు, ఒక గదిలో పడుతుంది. కాని దానికి కరెంటు కావాలి, నేర్పేవాడు కావాలి, చెడిపోతే బాగుచేసేవాడు దగ్గరలో ఉండాలి. అన్నిటికంటె ముందు, చేసిన సరుకు కొంటామని ఎవరో ఒకరు మాట ఇవ్వాలి. ఈ చివరిదే లేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం అన్యాయం. కర్ణాటకం 2016 మార్చిలోనే ప్లాస్టిక్ సంచులు, పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు నిషేధించింది. మహారాష్ట్రం 2018 మార్చిలో ఆ దారి పట్టింది. ఒడిశాలో 2018 అక్టోబరు 2న గాంధీ జయంతినాడు భువనేశ్వరం, కటకం, సంబల్‌పూరు, రూర్కెలా, పూరీలతోపాటు మా బరంపురానికీ నిషేధం వచ్చింది. తమిళనాడు 2019 జనవరి 1న పదునాలుగు రకాల వస్తువులను ఆపింది. చివరకు కేంద్రమే 2021 ఆగస్టులో నియమాలు సవరించి, 2022 జులై 1నుండి ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా కూడదన్నది.

పన్ను విషయంలో కూడా మేలు జరిగింది. సరుకుల, సేవల పన్ను వచ్చిన కొత్తలో ఆకు విస్తరిమీద కూడా నూటికి 5 వంతున వేశారు. అడవి ఆకు కుట్టుకొనే మనిషికి పన్నేమిటని అర్జీలు పోగా, 2018 జులైలో సాల, సియాలి ఆకులతో చేసిన వస్తువులకు మినహాయింపు దొరికింది. 2019లో అన్ని రకాల ఆకులు, పూలు, బెరడుతో చేసిన పళ్ళేలకూ గిన్నెలకూ పన్ను సున్నా చేశారు. అడిగితే పని జరుగుతుందనడానికి ఇది సాక్ష్యం.

ఇంతకన్న మాకు నచ్చిన సాక్ష్యం మరొకటి ఉన్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఫలసాయంమీద గిరిజనులకు యాజమాన్యమే ఇచ్చింది. ఏరుకోవచ్చు, వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కాని 2008లో వచ్చిన నియమాలలో ఆ సరుకును తలమీద మోసుకొని గాని, సైకిలు మీద గాని, తోపుడు బండి మీద గాని తీసికొని పోవచ్చునని వ్రాశారు. అనగా లారీ ఎక్కితే నేరమన్నమాట! తలమోపుతో పోయే ఆకు సంతదాకా పోతుంది. బరంపురం దాకా రాదు, షోలాపురం సంగతి చెప్పనే అక్కరలేదు. ఎందరో అడగగా అడగగా 2012లో ఆ నియమాన్ని సవరించి, తగిన వాహనంమీద అడవి లోపలా వెలుపలా తరలించవచ్చునన్నారు. నాలుగు మాటలు మార్చడానికి నాలుగేళ్ళు పట్టింది. ఐనా మారింది.

ఇన్ని జరిగిన తరువాత కూడా మా వనభోజనాలలో ఆ పొర లేచే విస్తరి ఎలా వచ్చిందంటే, కేంద్రపు జాబితాలో ప్లాస్టిక్ పూత పూసిన కాగితం పళ్ళెం పేరు విడిగా చెప్పలేదు. ఆ సందులోనుంచి అది బజారంతా నిండిపోయింది. తమిళనాడు ఇక్కడ తెలివిగా ప్రవర్తించింది. పూత కాగితపు గ్లాసులను, పళ్ళేలను పేరుపెట్టి జాబితాలో చేర్చింది. కాగితపు గ్లాసులు చేసేవారు కోర్టుకు వెళ్ళారు. సుప్రీంకోర్టు 2023లో ఆ నిషేధం చెల్లుతుందని తీర్పు చెప్పింది. కనుక మిగతా రాష్ట్రాలు కూడా ఆ పని చేయడానికి అడ్డేమీ లేదు. చేయమని అడిగేవారు కావాలి.

నిషేధం ఒక్కటే చాలదనడానికి మన ప్రాంతంలోనే ఒక పాఠం ఉన్నది. ఉత్తరాంధ్రలో గోగునార పండుతుంది. గోంగూర తినే మనకు ఆ మొక్క పరాయిది కాదు, ఇద్దరూ ఒక ఇంటివారే. ఆ నారను, జనుమునారను నమ్ముకొని నెల్లిమర్ల, చిట్టివలస, ఏలూరులలో మిల్లులు వెలిశాయి. ప్లాస్టిక్ గోనెలు వచ్చి దెబ్బ తీస్తుంటే, 1987లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆహార ధాన్యాలు, పంచదార, సిమెంటు, ఎరువులు వంటి సరుకులను జూటు గోనెలలోనే నింపాలని ప్రభుత్వం ఆజ్ఞాపించవచ్చునన్నది ఆ చట్టం. దానిమీద కూడా కోర్టులో పోరాటం జరిగింది. 1996లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. ఈనాటికీ దేశంలో జూటు పరిశ్రమ ప్రాణంతో ఉన్నదంటే, ప్రభుత్వం సేకరించే వరి, గోధుమలు ఆ గోనెలలోకి పోవడమే ముఖ్య కారణం. ప్రకటన బల్లలు, ఉపన్యాసాలు, ప్రదర్శనలు చేయలేని పనిని ఒక్క 'కొంటాము' అనే మాట చేసింది.

ఆ కథలో రెండవ సగం కూడా చెప్పాలి. సిమెంటు, ఎరువులు కాలక్రమేణ ఆ జాబితానుండి జారిపోయినవి. పంచదార వాటా నూటికి 20కి దిగింది. మన వైపు మిల్లులు కొన్ని మూతబడ్డాయి, కూలీలు చెదిరిపోయారు. చట్టం తెచ్చుకోవడం ఒక ఎత్తు, దానిని కనిపెట్టుకొని ఉండడం మరొక ఎత్తు.

ఆకు విస్తరికి ఈ మాదిరి కొనుగోలు హామీ ఎక్కడా లేదు. సర్కారు బడులలో, వసతి గృహాలలో, దేవాదాయ శాఖ కింది గుళ్ళ అన్నదానాలలో, సర్కారు సమావేశాలలో ఎన్ని వేలమంది రోజూ తింటున్నారో చూడండి. నిత్యం తినే పిల్లలకు కడుక్కొనే కంచమే మేలు. దానిని తీసివేయమని మేము అనము. కాని ఎక్కడ పారవేసే పళ్ళెమే వాడుతున్నారో, అక్కడ ఆకుదే కొనాలని ఒక ఆజ్ఞ వేస్తే చాలు. అప్పుడు యంత్రానికి అప్పు ఇచ్చే బ్యాంకికి ధైర్యం వస్తుంది, స్త్రీల సంఘానికి ధర అడిగే నోరు వస్తుంది. కొండ సరుకు కొనడానికి ఆంధ్రదేశంలో 1956 నుండే విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ ఉన్నది. కేంద్రం 2013–14లో చిన్న అటవీ ఫలసాయానికి మద్దతు ధర పథకం పెట్టింది, 2018లో వన్ ధన్ కేంద్రాలు మొదలుపెట్టింది. కొనే చేతులు పైన లేనప్పుడు ఈ మెట్లన్నీ సగంలో ఆగే మెట్లే.

హామీ అడిగేవారు నాణ్యం మాట కూడా మోయాలి. 2023లో భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 18267 అనే ప్రమాణం ప్రకటించింది. ఆకులు, పాళలు, పంట వ్యర్థాలతో చేసే భోజన పాత్రలు ఎలా ఉండాలో అందులో ఉన్నది: అంచులు గుచ్చుకోరాదు, రసాయనాలు, జిగురు, లక్క వంటివి కలపరాదు. మంచిదే. కాని కొండమీది సంఘం తన విస్తరిని పరీక్ష చేయించుకోవడానికి ఎక్కడికి పోవాలి, రుసుము ఎవరు కట్టాలి? పరీక్షశాల దూరమైతే, ప్రమాణం పెద్ద కంపెనీకి నిచ్చెన, చిన్నవారికి గోడ అవుతుంది.

పరీక్ష లేకపోతే ఏమవుతుందో కర్ణాటకంలోని మన పాఠకులకు ఇప్పటికే తెలుసు. శివమొగ్గ, దక్షిణ కన్నడ ప్రాంతాలలో పోకచెట్టు పాళ రాలితే ఏరి, కడిగి, వేడి అచ్చులో నొక్కి పళ్ళేలు చేస్తారు. చూడముచ్చటైన సరుకు, విదేశాలకు ఓడలెక్కింది. 2025లో అమెరికా ఆహార, ఔషధ శాఖవారు, పోకలోని కొన్ని క్షారద్రవ్యాలు పళ్ళెంలోనుంచి ఆహారంలోకి దిగవచ్చునని చెప్పి, ఆ పళ్ళేలను తమ దేశంలో అమ్మరాదన్నారు. దీనిమీద కోపం తెచ్చుకోవడం తేలిక. కాని మన పరిశోధనశాలలవారు పదేళ్ళ ముందే ఈ పరీక్షలు చేసి కాగితాలు సిద్ధం చేసి ఉంటే, పోకతోటల ఊళ్ళలో యంత్రం కొన్నవారు దిక్కులు చూడవలసి వచ్చేదా? పాళలో దోషం ఉంటే అది మన పిల్లలకైనా దోషమే. లేకపోతే లేదని నిరూపించి చెప్పాలి. ఆ ఖర్చు పెట్టవలసినది ఊరి యంత్రం యజమాని కాదు. అడ్డాకుకు, మోదుగాకుకు, మందారైకి కూడా ఈ పరీక్షలు ఇప్పుడే జరగాలని మా అభిప్రాయం. తరతరాలుగా తిన్నాము, ఏమీ కాలేదు అనే మాట ఇంట్లో చెల్లుతుంది, రేవులో చెల్లదు.

ఈ మధ్య పెద్ద విధానాలు కూడా వస్తున్నవి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం బయో-ఈ-3 అనే విధానాన్ని ఆమోదించింది. జీవపదార్థాలతో రసాయనాలు, ప్లాస్టిక్ వంటి పదార్థాలు, ఎంజైములు తయారుచేయడం అందులో ముఖ్య భాగం. అదే ఏడు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం బయోప్లాస్టిక్ పరిశ్రమకు ప్రత్యేక విధానం తెచ్చింది. చెరకునుండి ప్లాస్టిక్ వంటి పదార్థం తీయడానికి పెద్ద కర్మాగారం కట్టేవారికి రాయితీలు ఇస్తామన్నది. ఇవి రావలసినవే. చెరకు రైతుకు మేలు జరిగితే సంతోషమే. కాని కోట్ల పెట్టుబడికి రాయితీ వ్రాసిన కలమే, ఒక గదిలో పట్టే ఆకు యంత్రానికి కూడా ఒక పంక్తి వ్రాయవచ్చు. మొక్కనుంచి వచ్చిన వస్తువు అంటే కర్మాగారంలో కరగి, మారుపేరుతో బయటికి వచ్చినదేనని ఎవరు నిర్ణయించారు? ఆకు ఆకుగానే వచ్చినా అది పరిశ్రమే.

ఇక మా సంఘం ఏమి చేసిందో చెప్పాలి. కార్యవర్గ సమావేశంలో ఈ విషయం పెట్టినప్పుడు మొదటి ప్రశ్న ఖర్చు గురించే వచ్చింది. ఆకు విస్తరి పూత కాగితంకన్న ప్రియమే. ఒకరు కంచాలు కొందామన్నారు, మరొకరు కడిగేదెవరన్నారు. చివరకు తేలినదేమంటే, పది సంఘాలు వేర్వేరుగా నూరేసి విస్తళ్ళు కొనేకన్న, ఏడాదికి ఎన్ని కావాలో ముందే కలిపి లెక్కవేసి, ఒక స్త్రీల సంఘానికి కొంత బయానా ఇస్తే, ధరా తగ్గుతుంది, వారికీ వానకాలానికి ముందే ఆకు కోసి ఉంచుకొనే వీలుంటుంది. ఉగాది, శ్రీరామనవమి, వనభోజనాలు, పెళ్ళిళ్ళు కలిపి లెక్క తీయమని ఇద్దరికి పని అప్పగించాము.

దానితోపాటు ఒక అర్జీ తయారైనది. ఒక ప్రతి రాష్ట్ర ప్రభుత్వానికి, ఒకటి మా నగరపాలక సంస్థకు. పూత కాగితాన్ని తమిళనాడు మాదిరి పేరుపెట్టి నిషేధించవలెనని, సర్కారు సొమ్ముతో జరిగే భోజనాలలో పారవేసే పళ్ళెం ఆకుదే కావలెనని, అడవిశాఖ ప్రణాళికలో అడ్డతీగెను నరికే ముందు ఆ ఊరి గ్రామసభ మాట వినవలెనని, పరీక్షల రుసుము ప్రభుత్వమే భరించవలెనని అందులో కోరాము. ఒడియాలోనూ తెలుగులోనూ వ్రాశాము. ఆకు కుట్టే స్త్రీలకు చదివి వినిపించినప్పుడు, వారిలో ఒకామె ఒక మాట చేర్చమన్నది: సంతలో వాన తగలకుండా ఒక కప్పు వేయించమని. మాకు ఇన్ని చట్టాల మధ్య అది తోచనేలేదు. దానిని అన్నిటికంటె పైన వ్రాశాము.

షోలాపురం, సేలం, బెంగుళూరు, యానాం సంఘాలవారు తమ రాష్ట్రానికి తగినట్లు మార్చుకోవడానికి అర్జీ నకలు అడిగితే పంపుతాము. వచ్చే ఉగాదికి అడ్డాకు విస్తళ్ళకు బయానా ఇచ్చాము. దొప్పల సంగతి ఇంకా తేలలేదు. చారు పోస్తే కారుతున్నాయి. అందుచేత ఆ రోజుకు మా సభ్యులు ఎవరి గ్లాసు వారే తెచ్చుకోవలసి ఉంటుంది.